కళాశాల వికీపీడియా పేజీని దిద్దిన ఉద్యోగికి ముప్పు ఉందా?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల ప్రచార విభాగంలో పనిచేస్తున్నాను. ఫీజుల విషయంలో మా కళాశాలకు వ్యతిరేకంగా వచ్చిన కోర్టు తీర్పు గురించి వికీపీడియాలో ఒక పేరా ఉంది. యాజమాన్యం చెప్పడంతో మారుపేరు ఖాతాతో దాన్ని తీసేసి, ప్రాంగణ నియామకాల గురించి గొప్పగా రాశాను. ఎవరో పాత పేరాను తిరిగి చేర్చి, ‘తటస్థతపై వివాదం ఉంది’ అన్న హెచ్చరిక పెట్టారు. వారిపై పరువు నష్టం దావా వేస్తామని యాజమాన్యం అంటోంది. నాకేమైనా చిక్కు వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: సొంత సంస్థ గురించిన వ్యాసాన్ని దిద్దడం మన దేశంలో నేరం కాదు. అయితే, జీతం తీసుకుంటూ దిద్దేవారు తమ యజమాని ఎవరో బయటపెట్టాలని వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ 2014 నుంచి తన వినియోగ నిబంధనల్లోనే చెబుతోంది. మీరు దాన్ని ఉల్లంఘించారు. దీనికి జైలుశిక్ష లేదు, ఖాతాను నిరోధించవచ్చు. ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ వ్యాసాన్ని ఏళ్ల తరబడి ఆ సంస్థకు అనుకూలంగా మలిచిన, వికీపీడియాలో ప్రత్యేక అధికారాలున్న నిర్వాహక ఖాతాను 2015లో ఇంగ్లీషు వికీపీడియా నిషేధించింది.

మీరు తీసేసిన పేరా కంటే, చేర్చిన మాటలే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. ఆ నియామకాల లెక్కలు నిజమేనా? అబద్ధపు అంకెలు నమ్మి ఒక తండ్రి పొలం అమ్మి ఫీజు కడితే, విషయం మోసం కేసుగా, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దాకా వెళ్లవచ్చు. అబద్ధమని తెలిసే రాసి ఉంటే, యాజమాన్యం చెప్పిందన్నంత మాత్రాన మీరు బయటపడలేరు. రుజువు చూపలేని అంకెలను ఈ రోజే తీసేయండి.

ఇక పరువు నష్టం దావా. కోర్టు విచారణనూ దాని ఫలితాన్నీ దాదాపు ఉన్నదున్నట్లు ప్రచురిస్తే పరువు నష్టం నేరం కాదని అదే సంహిత 356వ సెక్షన్‌లోని నాలుగో మినహాయింపు స్పష్టంగా చెబుతోంది. సివిల్ దావాలోనూ నిజమే గట్టి రక్షణ. పైగా ప్రచురించిన ఏడాదిలోపే దావా వేయాలి. తీర్పు గురించిన పేరా సరిగ్గా ఉంటే ఈ కేసు నిలవదు.

ఏఎన్ఐ వార్తాసంస్థ ఉదంతం మీ యాజమాన్యానికి చెప్పండి. తన గురించిన వ్యాసంపై ఆ సంస్థ 2024లో రెండు కోట్ల రూపాయల పరిహారం కోరుతూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వ్యాసాన్ని దిద్దిన వాడుకరుల వివరాలు ఇవ్వాలని కోర్టు వికీమీడియాను ఆదేశించింది. ఆ కేసు గురించి వికీపీడియాలో రాసిన పేజీనే తొలగించాలని హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును మాత్రం 2025 మే 9న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మీరు దావా వేస్తే, ఎదుటివారు కూడా మీ మారుపేరు వెనుక ఎవరున్నారో తేల్చమని అడుగుతారు. వ్యాసం ‘చరిత్ర’లో మీ ప్రతి మార్పూ తేదీ, సమయంతో సహా నమోదై ఉంటుంది.

కాబట్టి ఆ ఖాతా పేజీలో మీ ఉద్యోగం సంగతి రాసి, ఆ అంకెలు తీసేశాక వ్యాసం జోలికి వెళ్లడం మానేయండి. పేరాలో తప్పుంటే ఆ వ్యాసానికి ఉండే చర్చాపేజీలో చెప్పండి. తీర్పును పైకోర్టు మార్చి ఉంటే ఆ ఉత్తర్వు గురించి వచ్చిన పత్రికా వార్తను అక్కడ చూపండి. ‘ఇది మాకు నష్టం’ అన్న వాదన అక్కడ చెల్లదు. ఇకపై యాజమాన్యం ఇలాంటి పని చెబితే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇప్పటిదాకా వచ్చిన ఈమెయిళ్లు, సందేశాలు ఒక్కటి కూడా చెరిపేయకండి.