ఏ ఆంప్ కొన్నా సరే, శనివారం చెవులు జాగ్రత్త

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. రెండేళ్లుగా దాచుకున్న డబ్బుతో ట్రెయిన్‌రెక్ అనే పేరున్న సర్క్యూట్ మీద చేత్తో కట్టిన గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్) కొంటున్నావట, ఎక్స్‌ప్రెస్ రకమా లివర్‌పూల్ రకమా తేల్చుకోవడానికి శనివారం ఆ కట్టినాయన వర్క్‌షాప్‌కి ఒక్కదానివే వెళ్తున్నావట. ఎఫ్ కార్డ్ పట్టలేక వేళ్లు కందిపోయి నా ఒళ్లో కూర్చుని ఏడ్చిన పిల్ల ఇప్పుడు తన సొంత డబ్బుతో ఇలాంటి ఆంప్ ఎంచుకోబోతోందంటే నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం, మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

నీ మెసేజ్‌లో గెయిన్ గురించి, అంటే సిగ్నల్‌ని ఆంప్ ఎంత పెంచుతుందన్నదాని గురించి, ఒక్కటే ప్రశ్న: "మామయ్యా, రెండిట్లో దేనికి గెయిన్ ఎక్కువ?" ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని వాయించి ఈ ప్రశ్న అడుగుతావా?

ట్రెయిన్‌రెక్ ఆంపులు రూపొందించిన కెన్ ఫిషర్ ఒకప్పుడు ఆంపెగ్ అనే ఆంప్ కంపెనీలో పనిచేసినవాడు. తర్వాత న్యూజెర్సీలో ఒంటరిగా కూర్చుని ఒక్కో ఆంపూ కట్టాడు, సీరియల్ నంబర్ల బదులు వాటికి ఆడవాళ్ల పేర్లు పెట్టేవాడు. 2006లో పోయాడు. ఆయన కట్టినవి చాలా తక్కువ, మనలాంటివాళ్లకి దొరికేవన్నీ ఆ సర్క్యూట్ చూసి ఇతరులు కట్టినవే. ఎక్స్‌ప్రెస్, లివర్‌పూల్ అక్కాచెల్లెళ్లు అనుకో. రెండిట్లోనూ ముందు భాగంలో సిగ్నల్‌ని పెంచే మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, రెండిటికీ మాస్టర్ వాల్యూమ్ (చివర్లో శబ్దాన్ని విడిగా తగ్గించే నాబ్) లేదు. అసలు తేడా వెనక, స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబుల్లో ఉంది: ఎక్స్‌ప్రెస్‌లో రెండు ఈఎల్34లు, లివర్‌పూల్‌లో నాలుగు ఈఎల్84లు. ఈఎల్84ని చివరిదాకా నెట్టడానికి పది పన్నెండు వోల్టుల సిగ్నల్ చాలు, ఈఎల్34కి దానికి రెండు మూడు రెట్లు కావాలి. అందుకే ముందు భాగం ఇంచుమించు ఒకటే అయినా లివర్‌పూల్ పవర్ ట్యూబులు తొందరగా నలుగుతాయి, నోటు కాస్త మెత్తబడి, సాగి, పైన గంట మోగినట్టు ఉంటుంది. వాయించేవాళ్లు దాన్నే "గెయిన్ ఎక్కువ" అంటారు. ఎక్స్‌ప్రెస్‌లో పిక్ తగిలిన క్షణం నోటు మొహం మీదికి దూకుతుంది, లో ఎండ్ (కింది బరువైన స్వరాలు) గట్టిగా నిలబడుతుంది, నీ చేతిలో తప్పుంటే దాచదు. గెయిన్ రెండిట్లోనూ నీకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది తల్లీ. ఆంప్‌ని అలాగే వదిలేసి గిటార్ వాల్యూమ్ పదినుంచి మూడుకి దించినప్పుడు ఏది శుభ్రంగా, ప్రాణం పోకుండా నీ మాట వింటుందో అది చూడు. ఈ సర్క్యూట్ల గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను ఇన్నాళ్లూ నీకు సగమే చెప్పిన సంగతి.

నాకు ముప్పై ఒకటి అప్పుడు. నా ముందున్నవి కూడా ఇలాంటి జంటే, ఒకటి ఈఎల్34లది, ఒకటి ఈఎల్84లది, మాస్టర్ వాల్యూమ్ లేనివి. గది చిన్నది, మంచం పట్టేంత. మాస్టర్ లేని ఆంప్ గట్టిగా పెడితే తప్ప అసలు గొంతు విప్పదు కదా, అలాగే పెట్టాను. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, ఆ కుర్రతనంలో అదొక పౌరుషం. మూడు గంటలు వాయించాను. మొదటి ఇరవై నిమిషాల్లో ఈఎల్84ది చేతికి ఎంత బాగా అంటుకుపోయిందో ఇప్పటికీ గుర్తుంది, రెండోది చిన్న తీగ మీద కఠినంగా ఉందని కూడా అనుకున్నాను. గంట దాటేసరికి ఆ కఠినం పోయింది. మూడో గంటకి రెండోదే తేనెలా ఉంది, మొదటిది చప్పబడిపోయింది. "ఆహా, ఇప్పుడు చెవికి పట్టింది" అనుకుని డబ్బిచ్చేశాను, ఆ సాయంత్రమే నా పాత ఆంప్ అమ్మేశాను.

మర్నాడు పొద్దున ఇంట్లో స్విచ్ వేస్తే పై నోట్లు సూదుల్లా దిగాయి. ఆంప్ అదే, కేబుల్ అదే, గిటార్ అదే. మారింది నా చెవి. పెద్ద శబ్దంలో గంటల తరబడి ఉంటే చెవి ముందుగా నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల మొద్దుబారుతుంది, కొన్ని గంటలకో ఒక రోజుకో తేరుకుంటుంది. నన్ను గుచ్చాల్సిన ట్రెబుల్ ఆ గదిలో ఉంది, వినడానికి నేనే లేను. దానికి తోడు రెండిటికీ వేర్వేరు స్పీకర్లు ఉన్నాయి, నేను కొన్నదాని స్పీకర్ ఎక్కువ మోగే రకం. ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనిపించడం చెవి గుణం, ఒకటి రెండు డెసిబెల్స్ చాలు మోసపోవడానికి.

ట్రెబుల్ మర్నాటికి తిరిగొచ్చింది గానీ ఎడమ చెవిలో ఆ రాత్రి మొదలైన కూత మాత్రం పోలేదు. సన్నగా, ఎక్కడో ఆంప్ ఆన్‌లో వదిలేసినట్టు. ఫ్యాన్ ఆగిపోతే ఇంకా పెద్దగా వినిపిస్తుంది. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. మాట్లాడేటప్పుడు నేను తల తిప్పి కుడి చెవి పెడుతున్నానని మీ అమ్మే కనిపెట్టింది.

లెక్క చెబుతా విను. సెలెస్టియన్ ఆల్నికో బ్లూ అనే గిటార్ స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో 100 డెసిబెల్స్. ముప్పై వాట్లంటే దాని మీద ఇంకో పదిహేను, అంటే 115. అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగానికి పడిపోతుంది. 100 దగ్గర పావుగంట. 115 దగ్గర అరనిమిషం కూడా లేదు. నేను మూడు గంటలు ఉన్నాను, అమ్మలూ.

కాబట్టి శనివారం నా మాట విను. మ్యుజీషియన్ల ఇయర్‌ప్లగ్స్ ఈరోజే కొను, అన్ని ఫ్రీక్వెన్సీలనీ సమానంగా తగ్గించేవి, దూదిలాంటివి వద్దు, అవి ట్రెబుల్ మింగేస్తాయి. ఒకే స్పీకర్ క్యాబినెట్ అడుగు, మార్చి మార్చి తగిలించు, తీసేముందు ఆంప్ ఆపు, స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. నాబ్ నంబర్లు ఒకటే ఉంటే శబ్దం ఒకటే అనుకోకు, ఫోన్‌లో మీటర్ పెట్టుకుని ఒకే స్థాయికి తెచ్చుకో. స్పీకర్‌కి ఎదురుగా కాకుండా పక్కగా, దూరంగా నిలబడు. పది నిమిషాలు వాయించు, బయటికి వెళ్లి పది నిమిషాలు ఊరికే ఉండు. మొదటి పది నిమిషాల్లో అనిపించింది కాగితం మీద రాసుకో, మూడో విడతలో మనసు మారితే కాగితాన్నే నమ్ము. మెయిన్స్ వోల్టేజ్ మీ సాకెట్‌కి సరిపోతుందో అడుగు. వెనక మూత మాత్రం తెరవకు, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

నన్నడిగితే నీ చేతికి లివర్‌పూల్ అనుకుంటాను, నువ్వు నెమ్మదిగా తీగ లాగి నోటు నిలబెడతావు, అది దానికి నచ్చుతుంది. మీ బ్యాండ్‌లో డ్రమ్మర్ గట్టిగా కొట్టే రకం అయితే ఎక్స్‌ప్రెస్ కోసం ఇంకోసారి ఆలోచించు, ఆ లో ఎండ్ గుంపులో నిలబడుతుంది. ఏది తెచ్చుకున్నా నెల రోజులు పాత ఆంప్ అమ్మకు. నేను అమ్మినది మళ్లీ దొరకలేదు.

కోప్పడ్డానని అనుకోకు. ఒక్కదానివే వెళ్లడం తప్పని కూడా అనను, నేను పక్కన ఉంటే నా చెవితో వింటావు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, రాత్రంతా నిద్రపోయి లేచాక. గిటార్ వాల్యూమ్ మూడు మీద పెట్టి ఓపెన్ "ఈ" కార్డ్ ఒక్కసారి వాయించు. ఫోన్ కుడి చెవికి పెట్టుకుని వింటాను.

మీ మామయ్య