‘అమిడ్’ అంటే ప్రతిచోటా ‘మధ్య’ అనేనా?

సందేహం: ఇంగ్లీషు వార్తా పత్రికల్లో ‘అమిడ్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరూ అనరు. మన పత్రికల్లో వచ్చే ‘ఆరోపణల మధ్య మంత్రి రాజీనామా’ లాంటి వాక్యాలు దాన్ని చూసి రాసినవేనా? అవి తప్పా? ‘అమిడ్‌స్ట్’ వేరే మాటా?

సమాధానం: చివరిది ముందు చెప్పేస్తాను. రెండూ ఒకటే. పాత ఇంగ్లీషులో ‘నడుమ’ అనే అర్థమిచ్చే పదబంధం నుంచి అమిడ్ వచ్చింది. ‘అమంగ్’ చివర ‘స్ట్’ చేరి ‘అమంగ్‌స్ట్’ అయినట్టే ఇదీ అమిడ్‌స్ట్ అయింది. పొట్టిగా ఉంటుంది కాబట్టి హెడ్డింగుల్లో అమిడ్‌కే గిరాకీ.

అయితే పొట్టిగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ‘మంత్రి రాజీనామా అమిడ్ ఆరోపణలు’ అని ఇంగ్లీషు రిపోర్టర్ రాశాడంటే, ఆరోపణలున్నాయి, రాజీనామా జరిగింది అని మాత్రమే చెబుతున్నాడు. ఆరోపణల వల్లే రాజీనామా చేశాడని అనడం లేదు. పాఠకుడు అలా ఊహించుకోవచ్చు, కానీ ఆ మాట పత్రిక అన్నట్టు కాదు. కారణం రుజువు కానప్పుడు ఈ జాగ్రత్త అవసరమే. వారం రోజుల సంగతులను ఒక్క వాక్యంలోకి కుదించాల్సిన వారపత్రిక వ్యాసకర్తకు ఇది మరీ అక్కరకొస్తుంది.

మనవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. ‘మధ్య’ బాగా లేదని ‘ఆరోపణలు రావడంతో మంత్రి రాజీనామా’ అని దిద్దుతారు. వాక్యం చక్కగా తెలుగులా ఉంటుంది, వార్త మాత్రం మారిపోతుంది. ‘రావడంతో’ అనగానే అదే కారణమని అర్థం. మూలంలో రిపోర్టర్ అననిది అనువాదకుడు అన్నట్టయింది. దీన్ని నేను భాషాదోషం కన్నా పెద్ద తప్పుగా చూస్తాను. కారణం తెలిస్తే ‘తో’, ‘వల్ల’ నిస్సంకోచంగా వాడండి. తెలియకపోతే ‘ఆరోపణలు వినిపిస్తున్న వేళ మంత్రి రాజీనామా’ అనండి. రెండూ ఒకే సమయంలో జరిగాయని తెలుస్తుంది, నింద పడదు.

ఇక ‘మధ్య’ తప్పా అంటే, అన్నిచోట్లా కాదు. ‘చప్పట్ల మధ్య వేదిక ఎక్కారు’, ‘మంగళవాద్యాల నడుమ తాళి కట్టాడు’, ‘పోలీసు బందోబస్తు మధ్య ఊరేగింపు సాగింది’ అంటే ఏ చెవికీ ఎబ్బెట్టుగా ఉండదు. చప్పుడైనా, మనుషులైనా నిజంగానే చుట్టూ ఉన్నాయి మరి. చుట్టూ ఉండనిదాన్ని తెచ్చి ‘మధ్య’కు తగిలిస్తేనే ఇబ్బంది. ‘ధరల పెరుగుదల మధ్య వడ్డీరేట్ల తగ్గింపు’ చూడండి, అందులో ఒక్క క్రియ కూడా లేదు. అమిడ్ తర్వాత ఇంగ్లీషుకు నామవాచకం కావాలి కాబట్టి మనమూ నామవాచకాలే పేర్చేశాం. తెలుగుకు ఆ అవసరం లేదు. ‘ధరలు పెరుగుతున్నా వడ్డీరేట్లు తగ్గించారు’ అంటే సరి. ‘పెరుగుతున్నా’లో ఉన్న ఆ చిన్న దీర్ఘం రెండింటికీ పొంతన లేదన్న సంగతి కూడా చెప్పేస్తుంది. అమిడ్‌కు ఆ శక్తి లేదు.

ఒక్కోసారి ‘మధ్య’ అర్థాన్నే తారుమారు చేస్తుంది. ‘చర్చల మధ్య కాల్పులు’ అంటే చర్చలు జరుగుతుండగానా, ఒక విడతకూ మరో విడతకూ నడుమనా? ‘చర్చలు సాగుతుండగానే కాల్పులు’ అని రాస్తే ఆ ప్రశ్నే రాదు.

చాలామంది ‘మధ్య’ను తప్పించుకోవడానికి ‘నేపథ్యంలో’ను ఆశ్రయిస్తున్నారు. నేపథ్యం అంటే నాటకంలో తెర వెనుక చోటు. వెనకాల నడిచిన కథ చెప్పేటప్పుడు అది సరిపోతుంది. వాన కురుస్తుండగా ఆట ఆగిపోతే ‘వర్షం నేపథ్యంలో’ అని రాయడం నాకు బొత్తిగా నచ్చదు. అక్కడ కారణం కళ్లెదుటే ఉంది, ‘వాన వల్ల ఆట ఆగింది’ అనడానికి వెనకాడనక్కర్లేదు.