ఎండాకాలంలో చూసిన ప్లాటు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వరంగల్ శివారు మడికొండలో 150 గజాల ప్లాటు చూశారట, ఇక బయానా (అడ్వాన్సు) ఇవ్వడమే మిగిలిందట. నీ పేరు మీదే రిజిస్ట్రేషన్ చేయిస్తున్నారని ఆ మాట రెండుసార్లు చెప్పింది. మూడోసారి నేనే అడిగి చెప్పించుకున్నాను. గిర్మాజీపేటలో రెండు గదుల్లో ఎనిమిది మంది సర్దుకుంటూ, ఎంజీఎం ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ ఇంత దూరం వచ్చావు. నాకు గర్వంగా ఉండదా?

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి లైటు వేసుకుని ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. ఆ జాగ మీద అమ్మకాలు, అప్పులు చూపే ఈసీ ముప్పై ఏళ్లది తీయించు, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు చూడు, లేఅవుటుకు అనుమతి ఉందో, లేకుంటే దాన్ని సక్రమం చేసుకునే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టారో అడుగు. బ్యాంకు వకీలు చూశాడు కదా అని ఊరుకోకు, మన వకీలుకూ చూపించు. దగ్గరుండి టేపు పట్టించి కొలిపించు. గుంటకు 121 గజాలు. అంటే మీరు కొనేది గుంట మీద పావు. మీ తాత ఉంటే "ఒకటిన్నర గుంట కూడా లేని జాగకు ఇన్ని లక్షలా" అని అన్నం మానేసేవాడు.

మడికొండ మంచి ఊరే, కాదనను. అల్లుడి ఆఫీసు అక్కడి ఐటీ పార్కులోనే కాబట్టి ఆయనకు పెట్రోలు ఖర్చే ఉండదు. హైదరాబాద్ రోడ్డు మీదే ఉంది, కాజీపేట స్టేషన్ దగ్గర, మెట్టుగుట్ట గుడి దగ్గర. ఊరు దాటితే బీళ్లలో గునుగు పువ్వు దొరుకుతుంది, బతుకమ్మకు బజారులో కట్టలు కొనే బాధ తప్పుతుంది. అయితే ఆయనకు దగ్గరైంది నీకు దూరమవుతుంది, అది లెక్క వేశారా? ఎంజీఎం నుంచి ఇంటికి పది కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఫాతిమానగర్ బ్రిడ్జి. నైట్ డ్యూటీ దిగి స్కూలు బస్సుల వేళకు ఆ బ్రిడ్జి ఎక్కావంటే స్కూటీ మీదే కునుకు పడుతుంది. ఇంకొకటి, డంపింగ్ యార్డు. పొద్దున పూట కాదు, సాయంత్రం గాలి తిరిగాక వెళ్లి గంటసేపు నిలబడు. పొగ వస్తుందో లేదో నీ ముక్కే చెబుతుంది. చిన్నోడికి ఆయాసం ఉంది, మర్చిపోకు. పైగా శివారు కాలనీల్లో పన్ను పట్నం లెక్క, మోరీలు పల్లె లెక్క.

మీ అత్తమ్మను అడిగావా? గిర్మాజీపేటలో ఆమె గడప దాటితే పది మంది పలకరిస్తారు. మడికొండలో అయితే మీరిద్దరూ డ్యూటీకి పోయాక గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. ముందే అడుగు, గృహప్రవేశం రోజు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు నిద్ర పట్టనిది వేరే సంగతికి.

నువ్వు పుట్టడానికి రెండేళ్ల ముందు మేం కూడా ఇలాగే శివారుకు పోయాం. అంతకుముందున్న ఇంట్లో నాలుగు కుటుంబాలకు ఒకటే నల్లా. తెల్లవారుజామున నాలుగింటికి బిందెలు వరసలో పెట్టాలి. ఒకనాడు నా బిందె పక్కకు జరిపిందని తోటికోడలితో పెద్ద గొడవ పెట్టుకున్నాను. ఆ రోజే మీ పెదనాన్నతో అన్నాను, ఏ అడవిలోనైనా సరే, నా నల్లా నాకు కావాలని. ఏప్రిల్‌లో హన్మకొండ అవతల వాన నీళ్లు పోయే నాలా వైపు ప్లాటు చూశాం. నెర్రెలు విచ్చిన నల్లమన్ను, రెండు తుమ్మచెట్లు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పక్క కాలనీ కంటే గజానికి బాగా తక్కువ. అదంతా నా బేరం గొప్పతనమే అనుకున్నాను.

మే నెలలో పునాది తవ్వుతుంటే మూడడుగుల లోతున తెల్లగా నత్తగుల్లలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తట్టల కొద్దీ. మేస్త్రీ ఒక గుల్ల తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "అమ్మా, ఇది చెరువు మన్ను. శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి లెక్క కొడుతుంది. పునాది ఇంకో మూడడుగులు లేపుదామా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నీకు కూలి రోజులు పెరగాలనా?" అన్నాను. ఆయన మళ్లీ నోరెత్తలేదు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన పంతులమ్మను, కళ్ల ముందున్న పాఠం చదవలేకపోయాను. అంతటితో ఆగానా, ఆ గుల్లలు సంచిలో ఏరుకుని బడికి తీసుకెళ్లి ఒకటో తరగతి పిల్లలకు కూడికలు నేర్పాను.

మొదటి ఏడు వానలు తక్కువ. మేస్త్రీ మాట అబద్ధమైందని లోలోపల సంతోషపడ్డాను కూడా. రెండో ఏడు మీ అమ్మ నిన్ను కడుపులో పెట్టుకుని పురిటికి మా ఇంటికే వచ్చింది. మా అమ్మ అప్పటికే లేదు కదా. ఒక రాత్రి పైన చెరువు నిండి మత్తడి (అలుగు) దూకింది. నీళ్లు వాకిట్లో నుంచి రాలేదు బిడ్డా, లెట్రిన్ గొట్టంలో నుంచి వెనక్కి తన్నుకొచ్చాయి. బుడబుడ చప్పుడుకు లేచి కాలు కింద పెడితే మోకాళ్ల దాకా మురికి నీళ్లు. బియ్యం డ్రమ్ము తేలుతోంది. మీ పెదనాన్న, ముగ్గురు పక్కింటి పిల్లలు కలిసి మీ అమ్మను నులక మంచం మీద పడుకోబెట్టి, నడుము లోతు నీళ్లలో రోడ్డు దాకా మోశారు. తొమ్మిదో నెల. నా టార్చిలైటు నీళ్లలో పడిపోయింది. చీకట్లో మీ అమ్మ "అక్కా" అని పిలుస్తుంటే పలకడానికి నాకు గొంతు రాలేదు. నాలుగో రోజు నువ్వు పుట్టావు.

మేస్త్రీ అన్న మాట మీ పెదనాన్నకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇల్లు నష్టానికి అమ్ముకుని బయటపడ్డాం. కొన్నవాళ్లకు నత్తగుల్లల సంగతి చెప్పామా అంటే, అదీ చెప్పలేదు. 2020 ఆగస్టులో నయీంనగర్ వైపు వీధుల్లో పడవలు తిరుగుతుంటే టీవీ ముందు కూర్చుని మా సందు కనబడుతుందేమోనని చూశాను. 2023 జూలైలో మళ్లీ చూశాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు, నీకే రాస్తున్నాను.

మన ఓరుగల్లు చుట్టూ ఉన్నవి కాకతీయుల కాలం నుంచి వస్తున్న గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే మత్తడి దూకి కిందిదాంట్లోకి పోవాలి. మధ్యలో ప్లాట్లు చేసి రాళ్లు పాతినంత మాత్రాన నీళ్లు తమ దారి మరిచిపోవు. అందుకే ఊరి నక్షా (పటం) తెప్పించి ఆ సర్వే నంబరు ఎక్కడుందో చూడు. శిఖంలో ఉందా, చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దుకు, అదే ఎఫ్‌టీఎల్‌కు ఎంత దూరం, ఏ నాలా ఎటు పోతుంది. నీటిపారుదల శాఖ ఆఫీసులోనూ అడిగించు. ఆ చుట్టుపక్కల పాత ఇళ్ల గడపలు ఎంత ఎత్తున కట్టుకున్నారో, గోడల మీద తేమ చారలు ఎక్కడిదాకా ఉన్నాయో చూడు. ప్లాటు అమ్మేవాణ్ణి కాదు, అక్కడ గొర్రెలు కాసే ముసలాయన్ని అడుగు, వానాకాలం మంద ఎటు తోలుతావని. కాలనీ పేరులో "లేక్" అని ఉంటే అసలు బండే దిగకు.

నీ తొందర నాకు తెలుసు. మీ తోటికోడలితో నెల నుంచి మాటలు లేవట. మీ అమ్మ చెప్పలేదులే, మొన్న పెళ్లిలో మీరిద్దరూ చెరో బంతిలో కూర్చోవడం నేనే చూశాను. ఆ ఇంట్లో నుంచి బయటపడితే చాలని నీకు ఉంటుంది. నాకూ అలాగే ఉండె. పో బిడ్డా, నీ ఇల్లు నువ్వు కట్టుకో, వద్దనే హక్కు నాకు లేదు. గోడల గిలాబు రాలినా సరే ఇంకో రెండు నెలలు అక్కడే ఓర్చుకో, అంతే. మరీ కష్టంగా ఉంటే చిన్నోణ్ణి తీసుకుని నా దగ్గరికి రా. నా పక్కగది ఖాళీగానే ఉంది.

ఉగాది పోయింది, దసరాకు రేటు పెరుగుతుందని అమ్మేవాడు తొందర పెడతాడు. ఆషాఢంలో బయానా ఇవ్వరాదని మా పెద్దవాళ్ల పట్టు, శ్రావణంలో మాట్లాడుకుందాం అని చెప్పు. తప్పంతా నా మీద వెయ్యి, పెద్దమ్మ చాదస్తం అను.

ఈలోపు నాలుగు వానలు పడతాయి. బాగా ముసురు పట్టిన ఆదివారం చూసి ఫోన్ చెయ్యి, అల్లుణ్ణి బండి తెమ్మను, నేనూ వస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా నీళ్లలో దిగి చూస్తాను. ఎండ కాస్తుంటే మాత్రం పిలవకు, రాను.

మీ పెద్దమ్మ