పాప ఫోటోలు తీయబోయే ముందు

చిట్టితల్లీ,

ఉద్యోగానికి సెలవు పెట్టి, ఏడాది పాటు పాప ఫోటోలే తీసి ప్రదర్శన పెడతావట. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకవైపు గర్వం, మరోవైపు గుబులు. తొందరేమీ లేదు. ఫోటోగ్రాఫర్‌గా అంత పేరు తెచ్చుకున్న జూలియా మార్గరెట్ కామెరాన్‌కు కూతురూ అల్లుడూ కెమెరా ఇచ్చింది 1863లో, ఆమెకు 48 ఏళ్లప్పుడు.

పనితనం గురించి నీకు చెప్పేదేముంది? కిటికీ వెలుగు చాలు. పాప కళ్ల ఎత్తుకు దిగి తియ్యి. పరుగెత్తుతుంటే బొమ్మ చెదరకుండా షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వకు. ఫోనులో తీసిన ఫోటోలో ఎక్కడ తీశావో కూడా నమోదై ఉండవచ్చు. ఎవరికైనా పంపేముందు అది తీసెయ్యి.

నా భయం వేరే. నీ చిన్నప్పుడు నువ్వు వెక్కివెక్కి ఏడుస్తున్న ఫోటోను మీ అమ్మ ఒక పత్రికకు పంపింది. అచ్చయింది, కింద తన పేరుతో. అప్పటిదాకా ఫలానావారి భార్య, ఫలానా పిల్ల తల్లి అనిపించుకున్న మనిషి ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయిందో! ఆ మురిపెం తప్పనను. దానికి ఎన్నాళ్లు మొహం వాచిందో నాకు తెలుసు. కానీ బడిలో నిన్ను ‘ఏడుపు పిల్ల’ అన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ ఫోటోలో చూసినా నీ మొహానికి చెయ్యి అడ్డమే. నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. ఏడుపెందుకో అడగకముందే కెమెరా అందుకుంది చూడు, అదే నాకు మింగుడుపడదు.

అందుకే ఈ పోరు. పాప వద్దంటే కెమెరా దించెయ్యి. ఇప్పుడు ఊఁ అన్నా, పెద్దయ్యాక కాదంటే గోడ మీది నుంచి తీసెయ్యడానికి సిద్ధపడు. నీకంటూ పేరు రావడానికి పాప మొహమే కావాలని లేదు. అమెరికా ఫోటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ ముగ్గురు కొడుకులను సాకుతూ ఇల్లు కదలలేని రోజుల్లో పెరటి మొక్కలను తీసింది. 1925 నాటి ఆమె మాగ్నోలియా పువ్వు ఫోటోను ఇప్పటికీ చూస్తున్నారు.

మరీ భయపెట్టానా? నీ మొహాన్ని కూడా తియ్యి, జుట్టు దువ్వుకోని రోజైనా సరే. అప్పుడప్పుడు కెమెరా పాప చేతికివ్వు, వంకరగా వస్తే రానీ. ఆ ప్రదర్శనలో తల్లి కూడా కనబడాలి.

మొదటి విడత ఫోటోలు నాకు పంపు. పాపను అడిగాకే.

నీ పెద్దమ్మ