వైఫై పేరు ఒకటే, ఇంటర్నెట్ వస్తోంది, కానీ కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడవు: మా ఇంట్లో తేలిన కారణం

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. హాల్లో విండోస్ 10 డెస్క్‌టాప్, బెడ్‌రూంలో విండోస్ 11 ల్యాప్‌టాప్. నెట్ రెండింటికీ బాగానే వస్తోంది. ఫోల్డర్ షేర్ చేశారు, ఫైర్‌వాల్ ఆపి చూశారు, రెండూ రీస్టార్ట్ చేశారు. అయినా నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిస్తే ఒకదానిలో రెండోది కనబడటం లేదు.

చివర్లో మాటవరసకు అన్నట్టు ఒక వాక్యం రాశారు చూడండి, "బెడ్‌రూంకి సిగ్నల్ అందక ఇంకో రౌటర్ పెట్టాం, దానికీ అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చాం" అని. నా అనుమానమంతా దాని మీదే. ముందు ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ చేయండి, దాని తప్పేమీ ఉండకపోవచ్చు.

మాది పైనా కిందా రెండు పోర్షన్ల ఇల్లు. కింద నాన్నగారు పాత ఫొటోలు, పొలం కాగితాలు స్కాన్ చేసి డెస్క్‌టాప్‌లో పెడతారు. వాటిని పైనుంచి నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవాలని నా కోరిక. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కీ దిగీ విసుగొచ్చింది. ఫైబర్ కనెక్షన్ పెట్టె కింద ఉంది, పైకి సిగ్నల్ రాదు. ఒక రౌటర్ కొని, కింది పెట్టె నుంచి కేబుల్ లాగి దాని వాన్ పోర్టులో, అంటే బయటి ఇంటర్నెట్ తీసుకునే పోర్టులో గుచ్చాను. నెట్ వచ్చేసింది. ఇక అంతా ఒకే నెట్‌వర్క్ అనుకున్నాను. షేరింగ్ సెట్టింగులతో మూడు రాత్రులు కుస్తీ పట్టాను. యాంటీవైరస్ కూడా తీసేశాను, పాపం దానికేం సంబంధం లేదు.

విచిత్రం ఏమిటంటే, పైనుంచి కింది కంప్యూటర్‌ని పింగ్ చేస్తే (అంటే "ఉన్నావా" అని పలకరించే కమాండ్ కొడితే) జవాబు వస్తోంది. కింది నుంచి పైకి చేస్తే రావడం లేదు. ఈ ఒకవైపు దారే అసలు సంగతి పట్టించింది. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టాను, ఆ కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో ఉన్న నంబరు, అంటే ఐపీ అడ్రస్, అది చూపిస్తుంది. కింద 192.168.1.20, పైన 192.168.0.105. చుక్కల మధ్య మూడో సంఖ్య వేరు. మామూలు ఇంటి రౌటర్లలో సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉంటుంది. అంటే మొదటి మూడు సంఖ్యలూ కలిస్తేనే రెండూ ఒక నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. వైఫై పేరు ఒకటే పెట్టడం, రెండిళ్ళకు ఒకే నేమ్‌ప్లేట్ తగిలించడం లాంటిదే. ఇళ్ళు రెండుగానే ఉంటాయి.

వాన్ పోర్టులో కేబుల్ గుచ్చితే ఆ రెండో రౌటర్ తన వెనక వేరే నెట్‌వర్క్ కడుతుంది. లోపలి నుంచి బయటికి వెళ్ళనిస్తుంది, బయటి నుంచి ఎవరైనా లోపలికి రాబోతే ఆపేస్తుంది. పైగా విండోస్ కంప్యూటర్ "నేనిక్కడున్నా" అని వేసే దండోరా తన పేటలోనే వినబడుతుంది, రౌటర్ గోడ దాటదు. అందుకే పింగ్ వెళ్ళిన వైపు కూడా నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పేరు రాలేదు.

మీ రెండింటికీ నంబర్లు ఇలాగే తేడాగా వస్తే, రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వేరే నెట్‌వర్క్ కట్టకుండా మొదటి పెట్టె నెట్‌వర్క్‌నే వైఫైగా అందించేదిగా మార్చడమే మందు. కొత్త రౌటర్లలో ఆ పేరుతోనే ఒక మోడ్ ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు. లేకపోతే చేత్తో చేయాలి, అందులో వరస ముఖ్యం. ముందు వాన్ కేబుల్ పీకేయండి. ల్యాప్‌టాప్‌ని ఆ రౌటర్‌కే కలిపి, దాని సొంత ల్యాన్ అడ్రస్‌ని (ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో దాని నంబరుని) మొదటి పెట్టె వరసలోకి మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు, కాకపోతే మొదటి పెట్టె ఆ నంబరును ఇంకెవరికీ పంచకుండా ఉండాలి. కొత్త అడ్రస్‌తో మళ్ళీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకు నంబర్లు పంచే పని, ఆపేయండి. ఆ తర్వాత కేబుల్‌ని వాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి.

డీహెచ్‌సీపీ ఆపడం నేను మొదటిసారి మర్చిపోయాను. ఇంట్లో నంబర్లు పంచే పెద్దమనుషులు ఇద్దరయ్యారు. పై రౌటర్ దగ్గర నంబరు తీసుకున్న వాటికల్లా నెట్ పోయింది, అందులో కింది టీవీ ఒకటి. సరిగ్గా అమ్మ సీరియల్ టైమ్. ఆ సాయంత్రం సంగతి వదిలేయండి.

నంబర్లు ఒకే వరసలో ఉండి కూడా కనబడకపోతే కథ వేరు. పింగ్ రాలేదని కంగారు పడొద్దు, విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు. పింగ్ కొట్టిన వెంటనే అదే కమాండ్ ప్రాంప్ట్‌లో arp -a అని కొట్టండి. వచ్చే పట్టికలో అవతలి ఐపీ పక్కన మాక్ అడ్రస్ (ఆ పరికరం నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తింపు) ఉంటే దారి బాగున్నట్టే, అవతలి కంప్యూటరే తలుపు తీయడం లేదు. లేకపోతే మధ్యలో రౌటరే అడ్డుపడుతోందేమో చూడాలి. గెస్ట్ వైఫైకి కలిపారేమో, లేదా వైఫై సెట్టింగుల్లో ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో. ఈ రెండూ పరికరాలను ఒకదానికొకటి కనబడకుండా చేయడానికే ఉన్నాయి.

దారి బాగుండి తలుపు తీయకపోతే, రెండింటిలోనూ విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉందేమో చూసి ప్రైవేట్ చేయండి. రౌటర్ మార్చాక విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని మళ్ళీ పబ్లిక్‌లో పెట్టేయొచ్చు, నాకలాగే అయింది. నెట్‌వర్క్ డిస్కవరీ (కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడేలా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉండాలి. సర్వీసెస్‌లో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అని ఒకటుంటుంది. ఏ కంప్యూటర్ కనబడాలో దానిలో అది నడుస్తూ ఉండాలి. ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే, వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంటి నెట్‌వర్క్ అందకపోవచ్చు, ఒకసారి ఆపి చూడండి.

నిజానికి పేరు కనబడటం, ఫైళ్ళు తెరుచుకోవడం రెండు వేర్వేరు విషయాలు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గడిలో \\192.168.1.20 లాగా మీ డెస్క్‌టాప్ నంబరు కొట్టండి. షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకుంటే, పేరు కనబడకపోయినా మీ పని అయిపోయినట్టే. దాన్నే నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకోండి, మీ కంప్యూటర్‌లోని డ్రైవ్ లాగే కనబడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబరు మారకుండా రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి అడ్రస్ రిజర్వ్ చేయండి.

అక్కడ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే మీరు రోజూ కొట్టే పిన్ పనిచేయదు. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్ళకే. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. నేను నాన్నగారి డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ అకౌంట్ విడిగా చేసి, ఫోల్డర్‌కి దాని పేరునే అనుమతి ఇచ్చాను. పాస్‌వర్డ్ అడగకుండా చేసుకునే పాత కిటుకు విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్‌లో మామూలుగా పనిచేయదు, గెస్ట్‌గా, అంటే అకౌంట్ లేకుండా వెళ్ళడాన్ని ఆపేశారు.

వీడియోల్లో చాలామంది ఎస్ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత ప్రోటోకాల్) ఆన్ చేయమంటారు. చేయకండి. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే వైరస్ ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపాన్ని పట్టుకునే పాకింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో దాన్ని పెట్టడం మానేసింది. మీ రెండు కంప్యూటర్లకీ దాని అవసరమే లేదు. అలాగే హోమ్‌గ్రూప్ (ఇంట్లో కంప్యూటర్ల మధ్య షేరింగ్ కోసం విండోస్‌లో ఉండే పాత సౌకర్యం) గురించి చెప్పే పాత సలహాలూ పక్కన పెట్టండి, 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి అది విండోస్ 10లో లేదు.

ముందు ఐపీకాన్ఫిగ్ కొట్టి, రెండింటిలో వచ్చిన ఐపీవీ4 నంబర్లు, రెండో రౌటర్‌లో కేబుల్ ఏ పోర్టులో ఉందో ఇక్కడ రాయండి. 192.168తో మొదలయ్యే నంబర్లు ఇంటి లోపలివే, బయటపెట్టడానికి భయం అక్కర్లేదు. 169.254తో మొదలైతే మాత్రం ఆ కంప్యూటర్‌కి రౌటర్ నుంచి నంబరే అందలేదని అర్థం. అప్పుడు ముందు కేబులో, వైఫై కనెక్షనో చూసుకోవాలి.