తాళంచెవి పై జేబులో పెట్టుకో

అమ్మలూ,

"ఊరు బాగుంది పెద్దమ్మా, ఇంటికొచ్చాకే ఏడుపొచ్చింది" అని రాశావు. పది రోజులు హాయిగా తిరిగొచ్చి, తలుపు తీసిన అరగంటకే మీ ఆయన మీద అరిచి, బ్యాగు మూలకి తోసేసి, పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తావట. చదివి నవ్వుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇంతే. ముప్ఫై ఏళ్లు నెలకోసారి టూర్లు తిరిగినదాన్ని. వెళ్లడం ఏడాదిలో అలవాటైంది. తిరిగి రావడం తెలిసేసరికి పదేళ్లు పట్టింది.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నావు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. ఇల్లు చేరిన సుఖంలో సగం, ఇల్లు వదిలే రోజే తయారవుతుంది. అందరూ బ్యాగు సర్దుకుంటారు, ఇల్లు సర్దరు. ఆ తలుపు తీసేది ఎవరో చుట్టం అనుకో. బాగా అలిసిపోయిన, నిద్రలేని, చిరాకుగా ఉన్న చుట్టం. ఆవిడ కోసం సింకు ఖాళీ చెయ్యి, చెత్త బయట పెట్టు, ఉతికిన దుప్పటి పరిచి దానిమీద ఒక తువ్వాలు, ఒక జత మెత్తని బట్టలు పెట్టి వెళ్లు. పావుగంట పని. రాత్రి పన్నెండింటికి వచ్చి ఆ మడత చూసినప్పుడు, ఎవరో నీ కోసం ఎదురుచూసినట్టే ఉంటుంది. ఆ ఎవరో నువ్వే అని తెలిసినా సరే.

ఇంకొక చిన్న పని. ఒక కప్పులో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టు. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే సరే. గడ్డలో లోపలికి దిగి ఉంటే, మధ్యలో కరెంటు చాలాసేపు పోయి, అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు లోపలున్నవి వాసన చూస్తూ కూర్చోకు, పారెయ్యి.

తాళంచెవి మాత్రం బ్యాగు అడుగున పడెయ్యకు. నేనొకసారి అర్ధరాత్రి మెట్ల మీద పెట్టె తెరిచి, ఉతకని బట్టలన్నీ ఒక్కొక్కటే బయటకి తీశాను. ఎదురింటాయన అదే సమయానికి తలుపు తీశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన కనపడితే తల తిప్పుకునేదాన్ని.

తిరుగు ప్రయాణం వెళ్లినప్పటికన్నా తొందరగా అయిపోయినట్టు నీకెప్పుడైనా అనిపించిందా? అది నీ ఒక్కదానికే కాదు. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు దాన్ని పరీక్షించి చూశారు. దారి తెలిసినది కాబట్టి అలా ఉంటుందేమో అనుకుంటాం. కానీ అంతే దూరమున్న వేరే దారిలో వచ్చినవాళ్లకీ అలాగే అనిపించిందట. వెళ్లేటప్పుడు తొందరగా చేరతాం అనుకుంటాం, అనుకున్నదానికన్నా ఆలస్యమైనట్టు ఉంటుంది. వచ్చేటప్పుడు ఎలాగూ బోలెడు సేపు పడుతుందని సిద్ధపడి కూర్చుంటాం, అంతలోనే వచ్చేస్తాం. వాళ్లు చెప్పిన కారణం ఇదే. అందుకే ఆ ప్రయాణంలో ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి చూడమంటాను. చేరాక చెయ్యాల్సిన పనుల లిస్టు రాయడం మొదలుపెట్టావంటే, ఒళ్లు ఇల్లు చేరకముందే మనసు ఆఫీసుకి వెళ్లిపోతుంది.

నువ్వు చేసిన అసలు తప్పు సెలవు చివరి గంట దాకా అక్కడే ఉండటం. ఒక రోజు ముందే వచ్చెయ్యి. "ఒక రోజు వేస్టవుతుంది కదా" అంటావని తెలుసు. వేస్టవదు, ప్రయాణం మొత్తంలో నాకు ఇష్టమైన రోజు అదే. దూరదేశం నుంచి వస్తే ఒక్క రోజు కూడా చాలదు. గడియారంలో ఎన్ని గంటల తేడా ఉందో, ఒళ్లు సర్దుకోవడానికి సుమారుగా అన్ని రోజులు పడుతుంది. అదీ తూర్పు వైపు వచ్చినప్పుడు ఎక్కువ ఇబ్బంది.

తలుపు తీశాక ఒక్క నిమిషం గడపలోనే ఆగు. లైటు వెయ్యకముందే గాలి పీల్చి చూడు. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకు, కిటికీలు తెరిచి బయటకి వచ్చెయ్యి. అది లేదంటే ఇక మిగిలింది ఆనందమే. మన ఇంటి వాసన మనకి తెలియదు. రోజూ పీల్చే వాసనని ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. ఊరెళ్లొచ్చినప్పుడు మాత్రం, పరాయివాళ్లకి మన ఇల్లు ఎలా ఉంటుందో ఆ వాసన మనకీ కాసేపు తెలుస్తుంది. పాత పుస్తకాలు, సబ్బు, చెక్క బీరువా, ఇంకా ఏదో పేరు చెప్పలేనిది. కొన్ని నిమిషాల్లో మళ్లీ మాయమైపోతుంది. మా అమ్మ పోయాక ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ వాసనే ముందు ఎదురొచ్చింది. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకులే.

బాత్రూమ్‌లో మురుగు వాసన వస్తే కంగారు పడకు. జాలీ కింద వంపులో నిలవుండే నీళ్లు ఎండిపోయి ఉంటాయి, ఒక బకెట్ నీళ్లు పొయ్యి. కుళాయిల్లో నిలవున్న నీళ్లు కాసేపు వదిలేశాక వాడు. కిటికీలు తెరువు. ఆ రోజుకి పని అంతే. బ్యాగులోంచి తడి బట్టలు మాత్రం తీసెయ్యి. నేనొక తడి తువ్వాలుని పది రోజులు మర్చిపోయాను, దాన్ని మళ్లీ తువ్వాలు అనే ధైర్యం రాలేదు.

ఇంట్లో మనుషులుంటే ఇంకా జాగ్రత్త. నువ్వు లేనన్ని రోజులూ వాళ్లు తమ పద్ధతిలో బతికారు. సోఫా మీద బట్టలుంటే ఉండనీ. ముందు వాళ్లేం చేశారో అడుగు, నీ ఊరి కబుర్లు ఎక్కడికీ పోవు. పాపాయి వెంటనే దగ్గరికి రాకపోతే మనసు కష్టపెట్టుకోకు. చిన్నపిల్లలు అలా దూరంగా ఉండి చూస్తారు, నువ్వు నేల మీద కూర్చుంటే తనంతట తనే వస్తుంది.

ఇక పడుకో. కొత్త చోట మొదటి రాత్రి ఎందుకు సరిగా నిద్ర పట్టదో 2016లో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు చూశారు. మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదట, చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడుతుందట. కాపలా అన్నమాట. మన మంచం మీద నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది, ఇక కాపలా అక్కర్లేదని ఒంటికి తెలిసే అనుకుంటాను.

మర్నాడు కాస్త దిగులుగా ఉండొచ్చు. ఉండనీ, దాని కోసం వెంటనే ఇంకో టికెట్ కొనకు. చేరాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి కాదు, నిద్ర లేచాక.

మీ పెద్దమ్మ