పోస్టర్లు చేసే అమ్మాయిని ఏం చదివించాలి?

తిరుపతి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చెరువుల్లో చెత్త గురించి, బాల్యవివాహాల గురించి ఫోన్‌లోనే పోస్టర్లు చేస్తుందట. ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. అది చూసి ఒక లోకల్ లీడర్ దగ్గరి మనిషి ఫోన్ చేసి, మాక్కూడా చేసిపెట్టమ్మా, డబ్బులిస్తాం అన్నాడట. అమ్మాయేమో గ్రాఫిక్ డిజైనే చదువుతానంటోంది. బీటెక్‌లో వేసి పక్కన యూఐ/యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు డిజైన్ చేయడం) కోర్సు చేయిస్తే మంచిదా, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్‌ఏనా, డిజైన్ డిగ్రీ బీడెస్సా అని ఆయన అడిగారు. చివర్లో ఒక లైను: "ఈ పోస్టర్ల వల్ల రేపు కేసులూ గొడవలూ వస్తే? అన్నీ డిలీట్ చేయమని చెప్పాను."

అన్నా, కోర్సుల గురించి చెప్తాను గానీ మీ అసలు ప్రశ్న ఆ చివరి లైనే. పాటలు పాడే పిల్ల, యూట్యూబ్ వీడియోలు పెట్టే పిల్ల, బొమ్మలేసే పిల్ల, ఎవరి తల్లిదండ్రులు రాసినా కింద ఉండే భయం ఇదే. పిల్ల నలుగురి కళ్లలో పడుతోంది, ఏమవుతుందో ఏమో అని. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ డిలీట్ చేయమనడం మాత్రం తప్పు. డిజైన్ కాలేజీ వాళ్లు చూసేది ఆ పనే. ఇది ఎవరికోసం చేశావు, ఎందుకిలా చేశావు అని అడిగితే కోచింగ్‌లో గీతలు నేర్చుకుని వచ్చిన పిల్లలు చాలామంది తడబడతారు. మీ అమ్మాయి దగ్గర జవాబుంది. డిలీట్ చేసినవి ఫోన్ ట్రాష్‌లో ఇంకా ఉంటే ఈరోజే వెనక్కి తీయించండి, ఆమెను కూర్చోబెట్టి, తొందరపడ్డానని చెప్పండి.

మీరు పంపిన చెరువు పోస్టర్ చూశాను. వంచిన బిందె, అందులోంచి నీళ్లకు బదులు ప్లాస్టిక్ కవర్లు, కింద రెండు లైన్లు: "చెత్త మీరు పోస్తున్నారు, నీళ్లు మేమే తాగుతున్నాం." బొమ్మ బాగుంది, మాట ఇంకా బాగుంది. లోపం అక్షరాల్లో ఉంది. ఇంగ్లిష్‌కు సరిపోయే గ్యాప్‌తో తెలుగు లైన్లు పేర్చేసింది, అందుకని పై లైనులో తావత్తు, నావత్తు కిందికి దిగి రెండో లైనులోని గుడిదీర్ఘాన్నీ ఏత్వాన్నీ గుద్దుకుంటున్నాయి. రోడ్డు మీద బండిలో పోయేవాడు దాన్ని చదవలేడు. మన ఊళ్లలో ఫ్లెక్సీలు చాలావరకు ఇలాగే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. తెలుగు అక్షరాన్ని పోస్టర్ మీద సరిగ్గా కూర్చోబెట్టగల డిజైనర్లు నిజంగా తక్కువ, ఆమెకు అవకాశం అక్కడుంది. రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటితో రోజూ ఒక వాక్యం పేర్చి చూడమనండి. వీలైతే ఒక ఆదివారం శ్రీకాళహస్తి తీసుకెళ్లి కలంకారీ వేసేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో నానేసి తీసిన నల్లరంగులో వెదురు కలం ముంచి ఆ గీత ఎలా లాగుతారో, ఒకే గుడ్డ మీద కథంతా గదులు గదులుగా ఎలా సర్దుతారో చూడాలి ఆ పిల్ల.

ఇక కేసుల భయం. అసలేమీ జరగదని నేను చెప్పను. 2012లో కార్టూన్లు గీసినందుకు అసీమ్ త్రివేది అనే కార్టూనిస్టును ముంబైలో రాజద్రోహం కింద అరెస్టు చేశారు, దేశమంతా గొడవైంది, తర్వాత ఆ అభియోగాన్ని ప్రభుత్వమే వదులుకుంది. ఆన్‌లైన్ పోస్టులకు విచ్చలవిడిగా వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చెరువు గురించి అడగడం నేరం కాదన్నా. ఒక మనిషి పేరు పెట్టి, రుజువు లేకుండా దొంగ అని రాస్తే అప్పుడు ఇబ్బంది. అలాగే గూగుల్‌లో దొరికిన ఫొటో ఎత్తి పోస్టర్‌లో పెట్టేయడం కూడా. 2008లో ఒబామా పోస్టర్‌తో పేరు తెచ్చుకున్న అమెరికన్ ఆర్టిస్టు షెపర్డ్ ఫెయిరీకి ఆ పోస్టర్‌కు వాడుకున్న ఫొటో మీదే ఒక వార్తాసంస్థతో కోర్టు తగాదా వచ్చి 2011లో రాజీతో తేలింది. ఆ కేసులో సాక్ష్యాలు చెరిపేసినందుకు ఆయనకు వేరుగా శిక్ష కూడా పడింది. ఫొటో సొంతంగా తీసుకోమనండి, లేదా బొమ్మ వేసుకోమనండి. ఈ జాగ్రత్తలు నేర్పాల్సింది మీరే, నోరు నొక్కడం తేలిక కాబట్టి ఆ పని చేశారు. కోప్పడుతున్నానని అనుకోవద్దు, కాస్త కోపంగానే ఉంది.

ఇప్పుడు కోర్సులు. బీటెక్ పక్కన యూఐ/యూఎక్స్ అనే మాట ఈమధ్య ప్రతి ఇంట్లో వింటున్నాను, దాని మీద నాకు నమ్మకం తక్కువ. ఇష్టం లేని సబ్జెక్టులతో నాలుగేళ్లు కుస్తీ పట్టి, సాయంత్రాలు మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి, అందరూ చేసిన ఫుడ్ డెలివరీ యాప్ స్క్రీన్లే తనూ చేసి పెడుతుంది. ఉద్యోగమిచ్చేవాడి ముందు అలాంటి ఫైళ్లు గుట్టగా ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనపడదు. కోడింగ్ అంటే ఇష్టమున్న పిల్లకు ఆ దారి బాగానే ఉంటుంది, దాన్ని తప్పు పట్టడం లేదు. మీ ఉత్తరంలో అమ్మాయికి కోడింగ్ ఇష్టమన్న మాట ఎక్కడా లేదు, మీకు మాత్రం బీటెక్ అంటే పెళ్లిసంబంధాల్లో చెప్పుకోవడానికి బాగుంటుందని ఉంది. అది మీ అవసరం, ఆమెది కాదు.

బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌లో చెయ్యి తిరుగుతుంది, అక్షరం, బొమ్మ, ప్రింటింగ్ అన్నీ నేర్పుతారు, ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే ఖర్చూ తక్కువ. కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. బీడెస్‌లో సమస్యను అర్థం చేసుకోవడం మీద ఎక్కువ దృష్టి పెడతారు. 2015లో మొదలైన ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్, అంటే బొమ్మతో, అక్షరంతో విషయం చెప్పే డిజైన్, ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడెస్ ఉంది. ఈ రెండు సంస్థల్లో దేంట్లో సీటొచ్చినా పంపండి. లక్షలకు లక్షలు ఫీజు తీసుకునే ప్రైవేటు డిజైన్ కాలేజీకి మాత్రం అప్పు చేయొద్దు.

తిండికి ఏంటి అంటారా, పోస్టర్ ఉద్యమాలతోనే ఇల్లు గడవాలని ఎవరూ అనుకోరు. మన చిత్తూరు మామిడి గుజ్జు డబ్బా మీద లేబులూ ఎవరో డిజైనరే చేయాలి, ఆరోగ్యశాఖ డెంగీ పోస్టరూ ఎవరో చేయాలి. గోడల మీద మనం చిన్నప్పట్నుంచీ చూసిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, పోలియో చుక్కల పోస్టర్లు, ఇవన్నీ జీతం తీసుకుని చేసినవే, సమాజానికి పనికొచ్చినవే. 1938లో హరిపురా కాంగ్రెస్ సభకు గాంధీజీ అడిగితే చిత్రకారుడు నందలాల్ బోస్ రైతుల్నీ చేతిపనివాళ్లనీ పోస్టర్లలో వేశారు. అప్పుడాయన శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే ఉన్నారు. రెండూ కలిసి నడుస్తాయన్నా.

ఆ లీడర్ మనిషి ఫోన్ గురించి మాత్రం నేను గట్టిగానే చెప్తాను. ఇప్పుడొద్దు. ఆమెకు పద్దెనిమిది నిండలేదు, ఒప్పందం రాసుకున్నా చట్టం ముందు చెల్లదు. పైగా ఎన్నికల పోస్టర్ మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, అడ్రసులు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెప్తుంది, అవి లేకుండా వేస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అవన్నీ తెలియకుండా ఆ పనిలోకి దిగే వయసు కాదు ఆమెది. ఇంకా పెద్ద కారణం, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అన్న ఫొటో పెద్దది చెయ్, పక్కోడిది చిన్నది చెయ్ అంటుంటే ఆ పిల్లకు డిజైన్ మీదే విరక్తి పుడుతుంది. పెద్దయ్యాక ఏ పార్టీకి చేయాలో, అసలు చేయాలో వద్దో ఆమె ఇష్టం, అప్పుడూ డబ్బు సంగతి రాతపూర్వకంగా మాట్లాడుకునే మొదలుపెట్టాలి. ప్రస్తుతానికి ఆయనకు మీరే ఫోన్ చేసి, మా అమ్మాయికి పరీక్షలున్నాయి, ఇకమీదట ఏదున్నా నాతో మాట్లాడండి అని చెప్పండి. ఆ మాట ఆమె చేత చెప్పించకండి.